సంఘ భవనానికి తలుపు ఎట్లా ఎంచుకోవాలి?



పాల సంఘానికి సొంత భవనం కట్టుకోవాలని తీర్మానం జరిగినప్పుడు సభలో చర్చంతా స్థలం గురించి, స్లాబు గురించి, శంకుస్థాపనకు ఎవరిని పిలవాలన్న దాని గురించి సాగుతుంది. తలుపుల మాట ఆఖరున వస్తుంది. అప్పటికి డబ్బు అయిపోవచ్చి ఉంటుంది. మేస్త్రి "ముందు ఒక షట్టరు పెట్టేస్తే సరిపోతుంది" అంటాడు. కమిటీ సరేనంటుంది. ఆ విధంగా భవనం మొత్తానికీ ఒకే ద్వారం, ఆ ద్వారానికి ఒకే ఇనుప షట్టరు మిగులుతాయి. వికారాబాదు, తాండూరు వైపు సంఘాల తనిఖీలో ఈ ఏర్పాటు తరచుగా కనబడుతున్నది.

గోడ ఒకసారి కడితే కదలదు. తలుపు అట్లా కాదు. భవనంలో ప్రతిరోజూ పనిచేసే భాగం అదే. రోజుకు 400 లీటర్లు సేకరించే సంఘాన్ని తీసుకోండి. 40 లీటర్ల క్యాన్లు పది కావాలి. అవి ఖాళీగా లోపలికి, నిండుగా బయటికి, అనగా రోజుకు ఇరవై సార్లు ద్వారం దాటుతాయి. ఏడాదికి 7,300 సార్లు. పాలు పోసే సభ్యులు రెండు పూటలా వచ్చిపోయేది దీనికి అదనం. ఇంత పని చేసే వస్తువును ఆఖరు నిమిషంలో, మిగిలిన డబ్బుతో కొనడం సంఘానికి లాభం కాదు.

అందుచేత ఈ పాఠంలో సంఘ భవనానికి, పాల సేకరణ గదికి, బజారులో పెట్టే పాల విక్రయ కేంద్రానికి ఎటువంటి ద్వారాలు తగినవో వరుసగా తెలుసుకుందాం.

1. ముందు దారి లెక్క, తరువాత తలుపు లెక్క

కొనేముందు కమిటీ ఒక కాగితం మీద ఈ అయిదు సంగతులు రాసుకోవాలి.

(అ) ఈ ద్వారం గుండా ఏ వస్తువులు పోతాయి? క్యాన్లు, దాణా బస్తాలు, పాలు చల్లబరచే కూలరు, జనరేటరు.
(ఆ) ఏ మనుషులు పోతారు? సభ్యులు, కార్యదర్శి, పరీక్షకుడు, వృద్ధులు, చంకలో బిడ్డతో వచ్చే తల్లులు, కాలు సరిగా లేనివారు.
(ఇ) ఏవి లోపలికి రాకూడదు? ఈగ, ఎలుక, కుక్క, దుమ్ము, వానజల్లు, దొంగ.
(ఈ) ఏవి లోపల నిలిచిపోకూడదు? యంత్రం వేడి, ఆవిరి, కడిగిన నీరు.
(ఉ) ఆపద వస్తే లోపలివారు ఏ దారిన బయటపడతారు?

మొదటి నాలుగు ప్రశ్నలు దాదాపు అందరూ వేసుకుంటారు. అయిదవది వేసుకునేవారు అరుదు. అసలు మొదట వేసుకోవలసిన ప్రశ్న అదే.

2. ఎన్ని ద్వారాలు ఉండాలి?

ఎంత చిన్న సంఘమైనా రెండు ద్వారాలు, ఒక కిటికీ ఉండాలి.

మొదటిది పాల ద్వారం. క్యాన్లు, యంత్రాలు ఇందులో నుంచి పోతాయి. ఇది బండి ఆగే వైపున ఉండాలి.

రెండవది మనుషుల ద్వారం. కార్యదర్శి, పరీక్షకుడు రాకపోకలు చేసేది. ఇది వేరే గోడకు ఉండాలి. రెండూ పక్కపక్కనే ఉంటే రెండు ఉన్నా ఒకటి కిందనే లెక్క. ఒకచోట మంట లేస్తే రెండూ ఒకేసారి మూసుకుపోతాయి.

మూడవది పాలు పోసే కిటికీ. సభ్యుడు వరండాలో నిలబడి ఈ కిటికీ దగ్గర పాలు పోస్తాడు. కొలత, పరీక్ష అతని కళ్లముందే జరగాలి. ఎవరి పాలు ఎంత, వెన్న శాతం ఎంత అన్నది దాపరికం లేకుండా అందరి ఎదుట తేలడం సహకార పాల సంఘానికి పునాది. పరీక్ష బల్ల తలుపు చాటున ఉంటే, పరీక్ష ఎంత నిజాయితీగా జరిగినా అనుమానం పుడుతుంది. కిటికీ నడుము ఎత్తులో, కనీసం మూడు నాలుగు అడుగుల వెడల్పున ఉండి, పరికరం మీద పడే అంకె బయట నిలబడినవారికి కనబడాలి. ఇట్లా చేస్తే వందమంది మట్టికాళ్లు పాల గదిలోకి రావలసిన పని కూడా తప్పుతుంది.

3. వెడల్పు, ఎత్తు

నిండు క్యానులో పాల బరువే 41 కిలోల దాకా ఉంటుంది. క్యాను బరువు దానికి అదనం. ఇద్దరు చెరొక పిడి పట్టుకొని పక్కపక్కన నడుస్తూ మోస్తారు. మూడడుగుల తలుపులో ఇద్దరూ పట్టరు. ఒకరు వెనక్కి నడవవలసి వస్తుంది, పాలు తొణుకుతాయి. కాబట్టి పాల ద్వారం నాలుగున్నర అడుగులకు తగ్గకూడదు. అయిదడుగులైతే మంచిది.

పాలు చల్లబరచే కూలరు పెట్టుకునే ఉద్దేశం ఉంటే లెక్క మారుతుంది. ఈ కూలర్లు 500, 1,000, 2,000 లీటర్లు, అంతకు మించిన పరిమాణాల్లోనూ వస్తాయి. గది కట్టి, తలుపు బిగించి, తరువాత కూలరు తెస్తే అది ద్వారంలో పట్టక గోడ పగలగొట్టవలసి వచ్చిన సంఘాలున్నాయి. కూలరు కొటేషను అడిగేటప్పుడే దాని పొడవు, వెడల్పు, ఎత్తు రాయించుకోండి. వెడల్పుకు రెండు పక్కలా చెరొక అడుగు కలిపి ద్వారం పెట్టించండి. ఇప్పుడు చిన్న కూలరు కొంటున్నా, పదేళ్ల తరువాత పెద్దది వస్తుందేమో ఆలోచించండి. గోడలో పెద్ద దూలం వేయించి, అవసరమైనప్పుడు తీసివేసేటట్లు ఇటుక కట్టించుకోవడం కూడా ఒక పద్ధతి.

మనుషుల ద్వారానికి జాతీయ భవన నిర్మాణ నియమావళి (2016) చెప్పిన కొలత గుర్తుంచుకోండి. బయటపడే తలుపు వెడల్పు 1,000 మిల్లీమీటర్లకు, ఎత్తు 2,000 మిల్లీమీటర్లకు తగ్గరాదు. అనగా సుమారు మూడడుగుల మూడంగుళాలు, ఆరడుగుల ఏడంగుళాలు. ఇది దర్వాజ బయటి కొలత కాదు, మనిషి దాటిపోయే ఖాళీ. వడ్రంగికి చెప్పేటప్పుడు ఈ తేడా స్పష్టంగా చెప్పాలి.

4. గడప, వాలు, బండలు

మన ఇండ్లలో గడపకు పసుపు రాస్తాం, దాని మీద కాలు పెట్టం. ఇంటికి అది సంప్రదాయం. పాల గదికి మాత్రం ఎత్తు గడప పనికిరాదు. క్యాను మోసేవాడికి కింద కాలు కనబడదు. తాండూరు వైపు ఒక సంఘం సర్వసభ్య సమావేశంలో కొత్త టేకు తలుపు ఎంత అందంగా ఉన్నదో అధ్యక్షుడు చెబుతుండగా, వెనుక నుంచి ఒక పెద్దమ్మ లేచి, "అయ్యా, తలుపు సక్కగనే ఉన్నది. చేతుల పాలగిన్నె పట్టుకొని ఆ కడప నేనెట్ల దాటాలె?" అని అడిగింది. సభ నవ్వింది. కాని ఆ రోజు అడగవలసిన ప్రశ్న అదొక్కటే. కార్యదర్శి లేచి, "అవ్వా, నువ్వన్నది నిజమే, రాసుకుంటున్న" అని మినిట్సులో ఎక్కించాడు.

గడప లేకపోతే నీళ్లు లోపలికి రావా అని సందేహం కలుగుతుంది. గది నేలను బయటి వైపుకు వాలుగా పరచి, ద్వారం ముందు జాలీ మూతగల నీటి కాలువ పెడితే లోపలి నీరు బయటికి పోతుంది, బయటి నీరు లోపలికి రాదు.

మెట్ల పక్కన వాలుదారి తప్పక ఉండాలి. ప్రతి ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది నియమం. అరుగు అడుగున్నర ఎత్తయితే వాలుదారి పద్దెనిమిది అడుగులు. స్థలం చాలదని దాన్ని ఆరడుగులకు కుదిస్తే అది జారుడుబండ అవుతుంది. వికలాంగ సభ్యుల బండికీ, క్యాన్లు తోసే చక్రాల బండికీ ఈ వాలుదారే ఆధారం.

ఇక బండల సంగతి. తాండూరు బండ మన ప్రాంతపు సొత్తు, చవక, గట్టిది. అయితే రెండు జాగ్రత్తలు కావాలి. ఒకటి, పాలిష్ పట్టిన బండ మీద పాల జిడ్డు పడితే కాలు నిలవదు. ద్వారం దగ్గర, మెట్ల మీద, వాలుదారిలో పాలిష్ లేని బండనే వేయించి, ఉలితో గంట్లు కొట్టించాలి. రెండు, తాండూరు బండ సున్నపురాయి జాతిది. సున్నపురాయికి పులుపు పడదు. ఒలికిన పాలు పులిస్తే పుట్టే ఆమ్లం బండ పైపొరను కొద్దికొద్దిగా తినేస్తుంది. పాల పాత్రల్లో కట్టిన గారను తొలగించే యాసిడ్ ద్రావణమైతే ఇంకా త్వరగా తింటుంది. పాత సంఘాల ద్వారం దగ్గర బండలు గుంటలు పడటానికి ఇది ఒక కారణం. గుంటలో పాలు నిలుస్తాయి, ఈగలు ముసురుతాయి. పాలు ఒలికిన వెంటనే నీళ్లతో కడగాలి. యాసిడ్ కడుగును నేల మీద పారనీయకుండా గొట్టం ద్వారా కాలువలోకి పంపాలి.

5. నేల, వాన, ఎండ

వికారాబాదు చుట్టూ అనంతగిరి వైపు ఎర్రని జేగురు నేలలు ఎక్కువ. తాండూరు వైపు నల్లరేగడి ఎక్కువ. తలుపు ఎంపికలో ఈ తేడా ముఖ్యం.

నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బిగుసుకొని పగుళ్లు బారుతుంది. దానితో పునాది కదిలితే దర్వాజ మూలలు వంకర అవుతాయి. వేసవిలో సులువుగా పడిన తలుపు వానకాలంలో పట్టేస్తుంది. లోపల మనిషి ఉండగా పట్టేస్తే అది ప్రమాదం. ఇటువంటి నేలలో ఇంజనీరు సలహాతో పునాది లోతు నిర్ణయించి, అరుగు మట్టంలో కాంక్రీటు దూలం వేయించాలి. తలుపు చుట్టూ మూడు నాలుగు మిల్లీమీటర్ల సందు వదలాలి. ప్రతి వానకాలంలో ఒకసారి తలుపు స్వేచ్ఛగా పడుతున్నదో లేదో చూడాలి.

కొయ్య దర్వాజ పెట్టేచోట, నేల ఏదైనా, చెదలను గుర్తుంచుకోవాలి. దర్వాజ కాళ్లు మట్టిలో పాతకుండా బండ మీద నిలపాలి. గోడకు ఆనే వైపు తారు పూత పూయించాలి. ఈ పూత బిగించిన తరువాత కుదరదు.

నైరుతి వానజల్లు పడమటి, దక్షిణపు గోడలను కొడుతుంది. సాయంత్రపు ఎండ కూడా పడమటి నుంచే పడుతుంది. కాబట్టి పాల ద్వారం పడమటికి పెట్టవలసి వస్తే ఆరడుగుల వరండా లేకుండా పెట్టకండి. వాస్తు పట్టింపు ఉన్న సభ్యులు తూర్పు, ఉత్తరం కోరుతారు. బండి ఆ వైపు రాగలిగితే అభ్యంతరం లేదు. బండి రాని దిక్కున ద్వారం పెట్టి, క్యాన్లు భవనం చుట్టూ తిప్పి మోయడం మాత్రం ఏ శాస్త్రమూ చెప్పదు.

6. ఏ తలుపు ఎక్కడ?

కొయ్య తలుపు: టేకు మంచిదే, ఖరీదు ఎక్కువ. కార్యాలయ గదికి, సమావేశపు గదికి తగును. రోజూ నీళ్లతో కడిగే పాల గదికి తగదు. కింది అంచు నాని కుళ్లుతుంది.

ఫ్లష్ తలుపు: ప్లైవుడ్ రేకుల మధ్య చెక్క పేర్చి అతికించినది. కొనేటప్పుడు ఐ.ఎస్. 2202 ముద్ర చూడండి. లోపలి గదులకే వాడండి. వానజల్లు తగిలేచోట పొరలు ఊడతాయి.

ఇనుప రేకు తలుపు: మనుషుల ద్వారానికి బయటి వైపు గట్టి కాపలా. తుప్పు దీని శత్రువు. బిగించేముందే రెండు వైపులా తుప్పు నిరోధక రంగు వేయించాలి. బిగించాక అంచుల్లోకి బ్రష్ పోదు.

అల్యూమినియం తలుపు: తేలిక, తుప్పు పట్టదు, కడగడం సులువు. పాల గది లోపలి తలుపుకు అనుకూలం. అయితే క్షారపు సోడా ద్రావణం దానిమీద పడితే మచ్చలు పడి తినేస్తుంది. క్యాన్లు కడిగే తొట్టికి దూరంగా ఉండాలి.

నార కలిపిన ప్లాస్టిక్ తలుపు: నీటికి, చెదలకు భయం లేదు. కడుగు గదికి, మరుగుదొడ్డికి తగును. బయటి ద్వారానికి బలం చాలదు.

అద్దపు తలుపు: వికారాబాదు, తాండూరు బజారులో సంఘం పాల విక్రయ కేంద్రం పెడితే ఇది బాగుంటుంది. లోపలి సరుకు బయటికి కనబడుతుంది, శుభ్రతకు అదే ప్రకటన. కాని మామూలు అద్దం వాడకూడదు. పగిలితే కత్తుల్లా గుచ్చుకుంటుంది. ఐ.ఎస్. 2553 ముద్రగల గట్టిపరచిన అద్దమే వాడాలి. అది పగిలినా చిన్న గుళికలుగా రాలుతుంది. కంటి ఎత్తున రంగు పట్టీ అతికించాలి. లేకపోతే పిల్లలు తలుపు లేదనుకొని వచ్చి గుద్దుకుంటారు. తనంతట తాను జరిగే తలుపులు, గుండ్రంగా తిరిగే తలుపులు పెద్ద నగరాల భవనాలకు సంబంధించినవి. కరెంటు నిలకడ లేనిచోట వాటి జోలికి పోవద్దు.

ఏ తలుపయినా కింది నుంచి అడుగు ఎత్తు వరకు స్టీలు రేకు తొడిగిస్తే క్యాను తగిలినా, నీళ్లు పడినా చెడదు. కొద్దిపాటి ఖర్చుతో తలుపు ఆయుష్షు పెరిగే ఉపాయం ఇది.

7. షట్టరు విషయం

షట్టరు చెడ్డదని చెప్పడం ఈ పాఠం ఉద్దేశం కాదు. వెడల్పయిన ద్వారానికి, రాత్రి కాపలాకు అది తగిన సాధనమే. దాని గుణదోషాలు తెలిసి వాడాలి.

కొనేటప్పుడు ఐ.ఎస్. 6248 ప్రకారం ఉన్నదా అని అడగండి. మూడున్నర మీటర్ల వెడల్పు వరకు పట్టీ మందం 0.90 మిల్లీమీటర్లకు, అంతకు మించితే 1.25 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. మందం కొటేషనులో రాయించి, సరుకు వచ్చాక కొలిపించండి. చుట్టుకునే పెట్టె పైన స్థలం ఆక్రమిస్తుంది గనుక, అది పోగా మిగిలే ఎత్తు ఎంతో ముందే లెక్కించండి. పెద్ద షట్టరుకు చేతితో లాగేది కాక, గొలుసు గేరు ఉన్నది తీసుకోండి.

కూలరు యంత్రం వేడిగాలిని బయటికి వదులుతుంది. పూర్తి రేకు షట్టరు దించి యంత్రం నడిపితే ఆ వేడి గదిలోనే తిరుగుతుంది. పాలు 4 డిగ్రీలకు దిగడానికి ఎక్కువ సేపు పడుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, యంత్రం త్వరగా చెడుతుంది. యంత్రం ఉన్న వైపు జాలీ షట్టరు గాని, గోడలో వలతో కూడిన గాలి కంతలు గాని ఉండాలి.

ఇంకొక ప్రమాదం కరెంటు. షట్టరు పెట్టె మీదుగా పోయే తీగ రాపిడికి ఒలిచిపోతే షట్టరంతా కరెంటు పారుతుంది. తెల్లవారుజామున తడిచేతులతో షట్టరు ఎత్తే కార్యదర్శికి అది ప్రాణాంతకం. తీగలు గొట్టంలో వేయించి, షట్టరుకు ఎర్తింగు చేయించి, లీకేజీ పట్టే బ్రేకరు పెట్టించండి.

8. ఈగ, ఎలుక, దుమ్ము

ఆహార భద్రతా ప్రమాణాల చట్టం (2006) కింద 2011లో వచ్చిన నియమాల నాలుగవ షెడ్యూలులో తలుపుల ప్రస్తావన ఉన్నది. తలుపులు నున్నగా, నీరు పీల్చనివిగా, కడగడానికి అనువుగా ఉండాలి. బయటికి తెరుచుకునే ద్వారాలకు, కిటికీలకు పురుగులు రాని వల ఉండాలి. తలుపులు వాటంతటవే మూసుకునే స్ప్రింగు ఉండాలి. వల ఊడదీసి కడగడానికి వీలుండాలి. ఇన్‌స్పెక్టరు వస్తే రాసుకుపోతాడన్న భయంతో కాదు, మన పాలు మన పిల్లలు కూడా తాగుతారు గనుక ఇవి పాటించాలి.

చుంచెలుకకు పావు అంగుళం సందు చాలు. షట్టరు కింది అంచుకూ బండకూ మధ్య వేలు దూరితే ఎలుక దూరినట్లే. ఆ చోట నేలను రసమట్టంతో చదును చేయించి, కింది పట్టీకి రబ్బరు అంచు వేయించాలి. దాణా బస్తాలు ఉన్న గదికి ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం.

9. ఆపదలో తలుపు

పాల సంఘంలో ఏం ఆపద అనుకోవద్దు. కరెంటు బోర్డు, జనరేటరు డీజిలు, బస్తాలు, కాగితాలు అన్నీ తరచుగా ఒకే కప్పు కింద ఉంటాయి. గెర్బర్ పద్ధతిలో వెన్న పరీక్ష చేసేచోట గాఢ గంధకామ్లం, త్వరగా అంటుకునే ఎమైల్ ఆల్కహాలు కూడా ఉంటాయి. ఆమ్లం మీద పడినవాడు తక్షణం నీళ్ల దగ్గరికి చేరాలి.

1942 నవంబరు 28న అమెరికాలోని బోస్టన్ నగరంలో కోకోనట్ గ్రోవ్ అనే విందుశాలలో మంటలు లేచి 492 మంది చనిపోయారు. ముఖద్వారం గుండ్రంగా తిరిగే తలుపు. జనం ఒక్కసారిగా తోయగానే అది బిగుసుకుపోయింది. మరికొన్ని తలుపులు లోపలికి తెరుచుకునేవి. జనం వాటికి ఆనుకుంటే ఎవరూ తెరవలేకపోయారు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమాహాలులో 59 మంది ప్రాణాలు పోయాయి. అక్కడ గడియ వేసిన తలుపు, మూసిన దారి పొగలో మనుషులను నిలిపివేశాయి. మన హైదరాబాదులోనే 2025 మే 18న గుల్జార్‌హౌజ్ దగ్గర ఒక భవనంలో మంటలకు 17 మంది బలయ్యారు. లోపలికీ బయటికీ ఇరుకైన దారి ఒక్కటే.

పాల పరిశ్రమలోనూ ఇటువంటి హెచ్చరిక ఉన్నది. 2020 ఆగస్టులో చిత్తూరు జిల్లా పూతలపట్టు మండలంలోని ఒక పాల కేంద్రంలో అమ్మోనియా వాయువు లీకై కార్మికులు ఆస్పత్రి పాలయ్యారు. గ్రామ సంఘాల కూలర్లలో అమ్మోనియా ఉండదు. పెద్ద శీతలీకరణ కేంద్రాలలో ఉండవచ్చు. అటువంటిచోట దగ్గరి ద్వారం ఎంత దూరంలో ఉన్నదన్నది ప్రాణానికి సంబంధించిన లెక్క.

కాబట్టి ఈ నాలుగు సూత్రాలు ప్రతి సంఘం గోడ మీద రాసి పెట్టుకోవాలి.

ఒకటి: షట్టరు ఒక్కటే దారిగా ఏ భవనమూ ఉండరాదు. మంటకు పట్టీ వంగితే, స్ప్రింగు తెగితే అది పైకి లేవదు.
రెండు: మనుషుల ద్వారం బయటికి తెరుచుకోవాలి. తెరిచిన రెక్క వరండాలో వరుస కట్టినవారికి తగలకుండా చోటు వదలాలి.
మూడు: లోపలి మనిషి తాళం చెవి లేకుండానే తలుపు తీయగలగాలి. లోపల మనిషి ఉండగా బయట తాళం పడరాదు. రాత్రి కూలరు దగ్గర పడుకునే కాపలాదారును లోపల ఉంచి బయట తాళం వేసే అలవాటు ఎక్కడున్నా ఈ రోజే మానాలి.
నాలుగు: రెండవ ద్వారానికి అడ్డంగా బస్తాలు, ఖాళీ క్యాన్లు పేర్చరాదు. దొంగ భయంతో దాన్ని మేకులు కొట్టి మూయరాదు. దొంగకు గట్టి గడియ పెట్టండి. ఆ గడియ లోపల నుంచి ఒక్క చేతితో తీయడానికి వీలుండాలి.

10. కొనుగోలు పద్ధతి

తక్కువ ధర కొటేషనును కళ్లు మూసుకొని ఒప్పుకోవడం పొదుపు కాదు. ఏటికి ఎంత పడుతుందో చూడాలి. లెక్క కోసం ఇట్లా అనుకుందాం. ఒక తలుపు 12,000 రూపాయలు, ఆరేళ్లు వస్తుంది. ఏటికి 2,000. ఇంకొకటి 20,000 రూపాయలు, పదహారేళ్లు వస్తుంది. ఏటికి 1,250. రంగులకు, మరమ్మతులకు అయ్యేది రెంటికీ కలిపి చూసిన తరువాతనే ఏది చవకో తేలుతుంది.

మూడు కొటేషన్లకు తగ్గకుండా, ఒకే వివరాలతో తెప్పించాలి. కొలతలు, సరకు మందం, ఐ.ఎస్. ముద్ర, బందులు, గడియలు, బిగింపు, రంగు, రవాణా, పన్ను, హామీ కాలం అన్నీ రాయించాలి. ఒకరు బిగింపుతో, ఇంకొకరు బిగింపు లేకుండా ధర ఇస్తే పోలిక కుదరదు. పోలిక పట్టిక కమిటీ ముందు పెట్టి, ఎంచుకున్న కారణం మినిట్సులో రాయాలి. ఎక్కువ ధరది ఎంచుకుంటే కారణం మరింత స్పష్టంగా ఉండాలి. కమిటీ సభ్యుని బంధువు దుకాణమైతే ఆ సభ్యుడు చర్చలో కూర్చోరాదు.

నమూనా తీర్మానం: "సంఘ పాల సేకరణ భవనానికి బండి ఆగే వైపున అయిదడుగుల పాల ద్వారము, వేరొక గోడకు బయటికి తెరుచుకొను మూడడుగుల మూడంగుళాల మనుషుల ద్వారము, వల తలుపులు, వాలుదారి ఏర్పాటు చేయుటకును, వచ్చిన కొటేషన్లను పోల్చి చూసి, పోలిక పట్టికలో పేర్కొన్న కారణముల మేరకు ఎంపిక చేసిన వారికి ఆర్డరు ఇచ్చుటకును, భవన నిధి నుండి ఖర్చు చేయుటకును కమిటీ ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

సరుకు అందిన రోజున కొలతలు సరిచూసి స్టాకు రిజిస్టరులో ఎక్కించండి. ఆఖరు బిల్లులో కొంత మొత్తం, ఒక వానకాలం గడిచేదాకా ఆపి ఉంచే షరతు ముందే రాసుకోండి. తలుపు పట్టేసేదీ, నీరు కారేదీ ఆ వానల్లోనే బయటపడుతుంది.

11. నెలనెలా చూడవలసినవి

బందులకు, షట్టరు పక్క గాళ్లకు నూనె లేక గ్రీజు. వలలు ఊడదీసి కడగడం. స్ప్రింగు తలుపు పూర్తిగా మూసుకుంటున్నదా. తుప్పు కనబడితే గీకి రంగు. రెండవ ద్వారం ఒకసారి తెరిచి మూయడం. తాళం చెవులు ఎవరి దగ్గర ఉన్నవో రిజిస్టరులో రాయడం. షట్టరు స్ప్రింగు సడలినట్లు తోస్తే దాని కింద ఎవరినీ నిలబడనీయకుండా వెంటనే మరమ్మతు.

సభలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన సంఘ భవనంలో ముఖద్వారం మూసుకుపోతే లోపలివారు ఏ దారిన బయటికి వస్తారు?
2. పాలు పోసే సభ్యునికి పరీక్ష అంకె బయటి నుంచి కనబడుతున్నదా?
3. అరుగు ఎత్తు ఎంత? దానికి వాలుదారి ఎన్ని అడుగులు ఉండాలి? ఇప్పుడు ఎన్ని ఉన్నది?
4. రాత్రివేళ లోపల మనిషి ఉండగా బయట తాళం పడుతున్నదా?
5. షట్టరు కింద, తలుపు కింద పావు అంగుళం మించిన సందు ఎక్కడున్నది?

మొదటి ప్రశ్నకు జవాబు దొరకని సంఘాలు మిగతా నాలుగింటికి పోకుండా, ముందు రెండవ ద్వారానికి తీర్మానం చేయవలసిందిగా కోరడమైనది. ఉన్న గోడలోనే తలుపు తెరవాలంటే దూలం, స్తంభం ఎక్కడున్నదీ ఇంజనీరుతో చూపించుకొని, ఆ తరువాతనే గోడ ముట్టాలి.